ఆపాల్సింది బిల్లును, ఆక్సిజన్ మెషీన్‌ను కాదు

సంపాదకులకు నమస్కారం.

వైద్య పరికరాల బిల్లుల్లో భారీ మోసం బయటపడిందన్న వార్త రాగానే వెంట వినిపించే మాట ఒకటుంది: నిబంధనలు ఇంకా బిగించాలి. ఇంకో ఫారం, ఇంకో సంతకం, ఇంకో అనుమతి. ఇంటి దగ్గర వాడే వైద్య పరికరాలను ఎంపిక చేయడం, రోగికి అమర్చడం, మరమ్మతు చేయడం, వాటి బిల్లులు తనిఖీ చేయడం మా పని. మోసాన్ని అరికట్టాలనడంలో మాకెవరితోనూ పేచీ లేదు. ఎక్కడ అరికట్టాలన్న దగ్గరే పేచీ. కాగితాలు పెంచితే మోసం తగ్గుతుందన్న నమ్మకం ఈ రంగంలో అందరికంటే ఎక్కువగా మోసగాళ్లకే కలిసొచ్చింది. వాళ్లకు రోగి ఉండడు, పరికరం ఉండదు, మరమ్మతు ఉండదు. కాగితాలు చక్కబెట్టుకోవడమొక్కటే పని. అందుకే దొంగ ఫైలు నిండుగా, శుభ్రంగా కనిపిస్తుంది. ఒక తేదీ తప్పి, ఒక పేజీ తగ్గి తనిఖీలో నిలిచిపోయే ఫైలు చాలాసార్లు నిజమైన రోగిది.

మోసం అని ఒక్క మాటతో కలిపేస్తున్నవి నిజానికి వేర్వేరు పనులు. పంపని వస్తువుకు బిల్లు వేయడం ఒకటి. అక్కర్లేని వస్తువును అంటగట్టడం మరొకటి. తక్కువ రకం ఇచ్చి ఎక్కువ రకానికి డబ్బు తీసుకోవడం ఇంకొకటి. వీల్‌చైర్ ధరలోనే కలిసి ఉండాల్సిన చేతిపట్టెలకు, పాదాలు పెట్టుకునే పలకలకు విడివిడిగా బిల్లు రాయడం నాలుగో రకం. రోగి చనిపోయాక, లేదా మెషీన్ వెనక్కి ఇచ్చేశాక కూడా అద్దె వసూలు చేస్తూ పోవడం ఐదో రకం. రోగులను పంపినందుకు డాక్టరుకో మధ్యవర్తికో కమీషన్ ఇవ్వడం వీటన్నిటికీ మూలంలో ఉంటుంది. ఇప్పుడు ఆలోచించండి: వీటిలో రోగి ఫారం నింపే దగ్గర దొరికేవి ఎన్ని? పంపని వస్తువు సంగతి ఫారంలో కనబడదు. ఆగని అద్దె అసలే కనబడదు. పై రకానికి రాసిన బిల్లు వస్తువును కళ్లతో చూస్తే తప్ప తేలదు. ముందస్తు కాగితానికి చిక్కే అవకాశం కాస్తో కూస్తో ఉన్నది అక్కర్లేని వస్తువు ఒక్కటే. అదీ డాక్టరు నిజాయితీగా ఉంటేనే.

డాక్టరు సంతకం ఉంటే చాలనుకునే వాళ్లు 2019 ఏప్రిల్‌లో అమెరికాలో బయటపడ్డ నడుము పట్టీలు, మోకాలి పట్టీల కేసును చూడాలి. అక్కడ ప్రధానంగా 65 ఏళ్లు దాటినవారికి ఉన్న ప్రభుత్వ బీమా మెడికేర్. ఉచితంగా పట్టీ వస్తుందని ప్రకటనలు ఇచ్చి, కాల్ సెంటర్ల ద్వారా వృద్ధుల వివరాలు సేకరించారు. ఫోన్లో వైద్యం పేరుతో నడిచే కంపెనీల డాక్టర్లు రోగితో క్లుప్తంగా మాట్లాడో, అసలు మాట్లాడకుండానో ఆర్డరు రాశారు. ఆ ఆర్డరును పరికరాల సరఫరాదారుకు అమ్మారు. 24 మందిపై అభియోగాలు నమోదయ్యాయి; నష్టం 120 కోట్ల డాలర్లకు పైమాటేనని ప్రభుత్వం చెప్పింది. 130 సరఫరా సంస్థలపై చర్య తీసుకున్నారు. ఈ కేసులో అందరూ గమనించాల్సిందేమిటంటే, సంతకాలు దొంగవి కావు. లైసెన్సున్న డాక్టర్లు పెట్టినవే. రెండు సంతకాలు అడిగి ఉంటే రెండూ దొరికేవి.

తర్వాత మూత్రం తీసే సన్నని గొట్టాల, అంటే క్యాథెటర్ల వంతు వచ్చింది. 2024 ఫిబ్రవరిలో అక్కడి వైద్య బృందాల సంఘమొకటి లెక్కలు తీసి, మూత్రానికి వాడే క్యాథెటర్ల పేరుతో సుమారు 200 కోట్ల డాలర్ల అనుమానాస్పద బిల్లులు కేవలం ఏడు సంస్థల నుంచి వచ్చాయని చూపించింది. 2025 జూన్ చివర్లో ప్రకటించిన కేసు ఇంకా పెద్దది: విదేశాల నుంచి నడిచిన ఒక ముఠా, అప్పటికే నమోదై ఉన్న డజన్ల కొద్దీ పరికరాల కంపెనీలను బినామీ యజమానుల పేరుతో కొనేసి, పది లక్షలమందికి పైగా మనుషుల దొంగిలించిన వివరాలతో 1,060 కోట్ల డాలర్ల బిల్లులు పెట్టిందన్నది అభియోగం. కంపెనీలకు లైసెన్సు ఉంది, నమోదు ఉంది, పాత చరిత్ర కూడా ఉంది. మారింది యజమాని. ఆ తర్వాత బిల్లుల సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. మెడికేర్ ఖాతా నుంచి వెళ్లాల్సిన సొమ్ములో అత్యధిక భాగాన్ని చెల్లించకముందే ఆపగలిగారు. ఆపింది బిల్లుల తీరును చూసిన లెక్కలే. ఏ రోగి ఫైల్లోనూ ఒక్క ఫారం అదనంగా అడగలేదు.

క్యాథెటర్ల విషయం ఇంకాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే తనిఖీ చేసేవాళ్లు తప్పు చోట గీత గీస్తారు. వెన్నుపాము దెబ్బతిన్న మనిషి రోజుకు 4 నుంచి 6 సార్లు క్యాథెటర్ పెట్టుకోవాలి. నెలకు 200 వరకు మెడికేర్ అనుమతిస్తుంది. 2008కి ముందు నెలకు నాలుగు మాత్రమే ఇచ్చేవాళ్లు, కడుక్కుని మళ్లీ వాడుకోమని. ఒకసారి వాడి పారేయాల్సినదాన్ని కడిగి వాడితే ఇన్‌ఫెక్షన్ల భయం ఉంటుందనే ఆ పద్ధతి మార్చారు. ఇప్పుడు ఎవరైనా అధికారి 'నెలకు 120 దాటితే బిల్లు ఆపు' అని కంప్యూటరుకు చెబితే ఏమవుతుంది? ఆగేది వెన్నుపాము రోగి. మోసగాడు 119 రాసుకుంటాడు. ఒక మనిషికి ఎన్ని అన్నది ప్రశ్నే కాదు. ఆ మనిషి జబ్బు చరిత్రలో మూత్రం ఆగిపోయే సమస్య ఎక్కడైనా నమోదైందా, సంబంధిత డాక్టరును ఎప్పుడైనా చూశారా, ఇదే మొదటి బిల్లా, ఇలాంటి మొదటి బిల్లులు అదే సంస్థ నుంచి ఒకే నెలలో ఎన్ని వచ్చాయి - ఇవీ అడగాల్సినవి. ఈ సమాచారమంతా బీమా సంస్థ దగ్గర ముందే ఉంటుంది. రోగిని ఒక్క మాట అడగనక్కర్లేదు.

ఇక ఆక్సిజన్ సంగతి. ఇంట్లో ఆక్సిజన్ ఇవ్వడానికి చాలాచోట్ల వాడే కొలత: విశ్రాంతిగా ఉన్నప్పుడు రక్తంలో ఆక్సిజన్ శాతం 88 లేదా అంతకు తక్కువ, ధమని రక్త పరీక్షలో అయితే ఆక్సిజన్ పీడనం 55 మిల్లీమీటర్లు (పాదరస మట్టంలో) లేదా అంతకు తక్కువ. కూర్చుంటే బాగానే ఉండి నడిస్తే పడిపోయేవాళ్లకు మెడికేర్ మూడు రీడింగులు అడుగుతుంది: ఆక్సిజన్ లేకుండా కూర్చుని, ఆక్సిజన్ లేకుండా నడుస్తూ, ఆక్సిజన్‌తో నడుస్తూ. చివరి రీడింగులో శాతం పెరిగినట్టు కనిపించాలి. వైద్యపరంగా ఇది సబబే. తిరస్కరణ ఎక్కడ వస్తుందంటే, వార్డులో నర్సు రెండో రీడింగులో 84 చూడగానే మనిషిని కూర్చోబెట్టి ఆక్సిజన్ పెడుతుంది. ఏ నర్సయినా చేసేది, చేయాల్సింది అదే. మూడో రీడింగు రాయడం మిగిలిపోతుంది. ఫైలు తిరిగొస్తుంది. ఇంకోటి: ఆసుపత్రిలో ఉన్న రోగికి పరీక్ష డిశ్చార్జికి ముందు రెండు రోజుల్లోపు జరిగి ఉండాలి. సోమవారం పరీక్ష చేసి, బుధవారం పంపాలనుకున్న రోగికి జ్వరం వచ్చి శుక్రవారం దాకా ఉంచారనుకోండి, ఆ పరీక్ష చెల్లదు. మళ్లీ చేయాలని ఎవరికీ గుర్తుండదు. ఇవి మోసాలా? కాదు. కానీ ఆడిట్ లెక్కల్లో ఇవన్నీ 'అనుచిత చెల్లింపు' ఖాతాలోకి చేరతాయి, అక్కణ్ణుంచి పత్రికల శీర్షికల్లో 'అక్రమాలు' అయిపోతాయి.

88 అన్న గీత మీదా ఒక మాట. వేలికి పెట్టే ఆక్సిమీటర్ కచ్చితమైన పరికరం కాదు. చల్లబడ్డ వేళ్లు, గోళ్ల రంగు, మనిషి కదలడం - అన్నీ రీడింగును చెడగొడతాయి. చర్మం రంగు కూడా. 2020 డిసెంబరులో వెలువడిన అమెరికా అధ్యయనంలో, ఆక్సిమీటర్ 92 నుంచి 96 చూపిస్తున్న రోగుల్లో నిజానికి ధమని రక్తంలో 88 కంటే తక్కువ ఉన్నవాళ్లు నల్లజాతివారిలో 11.7 శాతం, తెల్లవారిలో 3.6 శాతం అని తేలింది. అంటే చామనఛాయ, నలుపు చర్మం ఉన్న మనుషులకు ఆక్సిమీటర్ లేని ఆక్సిజన్‌ను ఉన్నట్టు చూపించే ప్రమాదం ఎక్కువ. అలాంటి పరికరం మీద 89 వచ్చిందని మెషీన్ నిరాకరించడం మోస నివారణ కాదు. 89 నుంచి 92 మధ్య వచ్చినవాళ్లకు ధమని రక్త పరీక్ష చేయించాలి. అది అందుబాటులో లేకపోతే వేళ్లు వెచ్చబెట్టి, వేరే వేలికి పెట్టి, కొన్ని నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. ఈలోగా మెషీన్ ఇంటికి వెళ్లిపోవాలి.

'అనుమతి రాకముందే మెషీన్ ఇచ్చేస్తే డబ్బు పోదా?' అంటారు. ఎంత పోతుందో లెక్క చూద్దాం. గాలి నుంచి ఆక్సిజన్‌ను వేరుచేసి ఇచ్చే మెషీన్, అంటే ఆక్సిజన్ కాన్సంట్రేటర్, సాధారణంగా అద్దెకు ఇచ్చే వస్తువు. మెడికేర్ 36 నెలలు అద్దె కడుతుంది. పరికరం ఆయుష్షు ఐదేళ్లుగా లెక్కేస్తుంది. అనుమతి చివరకు రాకపోతే మెషీన్ వెనక్కి వస్తుంది, శుభ్రం చేసి ఫిల్టర్లు మార్చి ఇంకొకరికి ఇస్తారు. పోయేది మహా అయితే ఒక నెల అద్దె. మెషీన్ ఇవ్వకపోతే పోయేది ఆసుపత్రిలో అదనపు రోజుల ఖర్చు, లేదా మనిషి. వెనక్కి తీసుకోగల వస్తువుకు ముందు ఇచ్చి తర్వాత తేల్చుకోవడం నష్టం కాదు. ఈ తర్కం క్యాథెటర్లకు, షుగరు పరీక్ష స్ట్రిప్పులకు, కొలతలకు తయారుచేసిన కృత్రిమ అవయవాలకు వర్తించదని మేమూ ఒప్పుకుంటాం. వాడి పారేసేవాటికి మొదటిసారి ఒక నెలకు సరిపడా మాత్రమే ఇచ్చి, రోగి నుంచి నేరుగా మాట విన్నాకే రెండో నెల పంపాలి. నిజంగా వాడుతున్న మనిషికి ఒక్క ఫోనుతో పోయే శ్రమ ఇది. మోసగాడికి అదే పెద్ద అడ్డు, ఎందుకంటే అవతల ఫోనెత్తే మనిషికి తన పేరుతో వస్తువు వస్తున్నదన్న సంగతే తెలియదు.

కాన్సంట్రేటర్‌లోనే మోసాన్ని పట్టిచ్చే భాగమొకటి ఉంది, దాన్ని ఎవరూ సరిగా వాడుకోవడం లేదు. అది గంటల మీటరు. మెషీన్ ఎన్ని గంటలు నడిచిందో అందులో పడుతుంది. మెషీన్ దించిన రోజు, తర్వాత వెళ్లిన ప్రతిసారీ ఆ అంకెను, సీరియల్ నంబరును కలిపి ఒక ఫొటో తీస్తే చాలు. దీర్ఘకాలం ఆక్సిజన్ అవసరమైన రోగి రోజుకు కనీసం 15 గంటలు వాడాలని వైద్యులు చెబుతారు. నెలకు 450 గంటలు. కొత్త మెషీన్ అని బిల్లు రాసి, దించిన రోజే మీటరు 9,000 చూపిస్తుంటే అది తక్కువ రకం ఇచ్చి ఎక్కువ బిల్లు వేసిన సరుకు. ఒకే సీరియల్ నంబరు ఇద్దరు రోగుల బిల్లుల్లో ఒకే నెలలో కనిపిస్తే అది నిస్సందేహంగా మోసం. రోగి చనిపోయిన తేదీ తర్వాత అద్దె బిల్లు వస్తే దాన్ని పట్టుకోవడానికి మీటరు కూడా అక్కర్లేదు, మరణాల నమోదుతో పోల్చడం చాలు.

అయితే మీటరు నెలకు 40 గంటలే చూపిస్తే? ఇక్కడ తొందరపడకూడదు. తక్కువ వాడకం మోసానికి రుజువు కాదు. మెషీన్ చప్పుడుకు నిద్ర పట్టడం లేదేమో. 300 వాట్లకు పైగా తాగుతుంది కాబట్టి కరెంటు బిల్లుకు భయపడి ఆపేస్తున్నారేమో. ముక్కులో పెట్టే గొట్టం పొడవు చాలక ఇంట్లో తిరగలేకపోతున్నారేమో. మెషీన్ ఆక్సిజన్ ఇవ్వడమే మానేసిందేమో కూడా చూడాలి. నిమిషానికి 5 లీటర్లు ఇచ్చే మెషీన్ నుంచి దాదాపు 90 నుంచి 96 శాతం స్వచ్ఛమైన ఆక్సిజన్ రావాలి. గాలిలో నైట్రోజన్‌ను పట్టి ఉంచే జియోలైట్ గుళికలు తేమకు పాడైతే ఆ శాతం పడిపోతుంది. మెషీన్ నడుస్తూనే ఉంటుంది, రోగికి ఊరట ఉండదు, విసుగొచ్చి ఆపేస్తాడు. చేతిలో పట్టే ఆక్సిజన్ ఎనలైజరుతో పూర్తి ఫ్లో దగ్గర ఒకసారి, డాక్టరు రాసిన ఫ్లో దగ్గర ఒకసారి చూస్తే సంగతి తెలిసిపోతుంది. తక్కువ గంటలు చూసి వెళ్లాల్సింది నోటీసు కాదు, టెక్నీషియన్.

నిద్రలో శ్వాస ఆగేవాళ్లకు ఇచ్చే సీప్యాప్ మెషీన్ల విషయంలో సరిగ్గా ఇదే పొరపాటు నిబంధనగా స్థిరపడింది. మొదటి మూడు నెలల్లో ఏదో ఒక వరుస 30 రోజుల్లో 70 శాతం రాత్రులు, రాత్రికి నాలుగు గంటలకు తగ్గకుండా వాడితేనే మెడికేర్ కొనసాగిస్తుంది. అంటే 21 రాత్రులు. 20 రాత్రులు వాడిన మనిషి విఫలుడు! మాస్కు సైజు తప్పయితే గాలి కళ్లలోకి కొడుతుంది, నోరు ఎండుతుంది, మొదటి నెలంతా దాంతోనే గడిచిపోతుంది. వాడకం వివరాలు పంపే మోడెమ్‌కు సిగ్నల్ లేకపోతే వాడినా వాడనట్టే. వృథాను ఆపడానికి పెట్టిన నియమం ఇది, మోసంతో దీనికి సంబంధం తక్కువ. వారంలోపు మాస్కు మార్పించే ఏర్పాటు చేస్తే ఈ నిబంధనతో పని చాలావరకు తగ్గుతుంది.

ముందస్తు అనుమతి మొత్తంగా పనికిరాదని మేము అనడం లేదు. మోటారు వీల్‌చైర్ల విషయంలో అది పనిచేసింది. అవసరం లేనివాళ్ల పేరుతో లెక్కకు మించి బిల్లులు రావడంతో మెడికేర్ 2012 సెప్టెంబరులో ఏడు రాష్ట్రాల్లో ముందస్తు అనుమతిని ప్రయోగాత్మకంగా పెట్టింది. ఖర్చు గణనీయంగా తగ్గింది. అది ఎందుకు పనిచేసిందో గమనించాలి. వస్తువు ఖరీదైంది, సంఖ్య తక్కువ, ఆ రోజే అందకపోతే ప్రాణం మీదికి రాదు. అన్నిటికంటే ముఖ్యంగా, జవాబుకు గడువు ఉంది: మొదటి దరఖాస్తుకు 10 పనిదినాలు, ఆలస్యమైతే ప్రమాదమన్న కేసుల్లో 48 గంటలు. అనుమతి వచ్చాకే కుర్చీ తెప్పించవచ్చు కాబట్టి నిజాయితీ గల సరఫరాదారుకూ భరోసా ఉండేది. గడువు లేని అనుమతికి, తిరస్కరణకు ఆచరణలో తేడా లేదు. ఆక్సిజన్, కఫం తీసే సక్షన్ మెషీన్, డిశ్చార్జి రోజు కావాల్సిన మంచం - వీటికి ఇదే పద్ధతి తగిలిస్తే గడువు ఎంత పెట్టినా ఆలస్యమే.

వీల్‌చైర్లో ఆలస్యం చేసే నష్టం బయటివాళ్లకు కనబడదు. సీటు వెడల్పు తుంటి వెడల్పుకు కాస్తే ఎక్కువ ఉండాలి. లోతు, సీటు అంచుకూ మోకాలి వెనుకకూ మధ్య సుమారు 5 సెంటీమీటర్ల ఖాళీ మిగిలేలా ఉండాలి. సీటు మరీ వెడల్పయితే మనిషి ఒక పక్కకు ఒరిగి కూర్చుంటాడు, చేతులు చక్రాలకు అందవు, కుర్చీ తలుపులో పట్టదు. మరీ లోతయితే వీపు ఆనించడానికి ముందుకు జారతాడు, బరువంతా తోకఎముక మీద పడుతుంది. పాదాల పలక ఎత్తు ఎక్కువైతే తొడలు పైకి లేచి, కూర్చునే ఎముకల మీద ఒత్తిడి పెరుగుతుంది. స్పర్శ లేని మనిషికి ఈ ఒత్తిడి తెలియదు. కొన్ని గంటల్లోనే చర్మం కింద కణజాలం దెబ్బతినడం మొదలవుతుంది, ఆ పుండు మానడానికి నెలలు పడుతుంది. కొలతలు తీసిన నాలుగు నెలలకు కుర్చీ వస్తే మనిషి బరువు మారి ఉంటుంది, పిల్లలైతే పొడవు పెరిగి ఉంటారు. అప్పుడు కొలతలు మార్చి అడిగితే 'మంజూరైన దానికి తేడా ఉంది' అని ఫైలు మళ్లీ మొదటికొస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో చేత్తో నడిపే వీల్‌చైర్ల సేవకు ఎనిమిది మెట్లు చెప్పింది: రోగిని పంపడం, పరిశీలన, ఎంపిక, నిధులు-ఆర్డరు, కుర్చీ సిద్ధం చేయడం, అమర్చడం, వాడకం నేర్పడం, తర్వాతి పర్యవేక్షణ-మరమ్మతు. మోస నివారణ వ్యవస్థలన్నీ మొదటి నాలుగింటి మీదే కాపలా కాస్తాయి. మా అనుభవంలో అసలైన తనిఖీ ఆరో మెట్టులో ఉంది. శిక్షణ పొందిన మనిషి రోగిని ఆ కుర్చీలో కూర్చోబెట్టి, మెత్తకింద చేయిపెట్టి ఒత్తిడి చూసి, పలక ఎత్తు సరిచేసి సంతకం పెడితే - రోగి ఉన్నాడా, కుర్చీ వచ్చిందా, రాసిన రకమేనా, సరిపోయిందా అన్న నాలుగు ప్రశ్నలకూ ఒకేసారి జవాబు దొరుకుతుంది. అమర్చే పనికి విడిగా డబ్బు కట్టనందువల్ల ఆ మెట్టును చాలామంది ఎగ్గొడుతున్నారు. అనుమతులను చదివే సిబ్బందిపై పెట్టే ఖర్చులో కొంత ఇటు మళ్లిస్తే రోగికీ మేలు, ఖజానాకూ మేలు.

మరమ్మతులకు అనుమతి అడగడం మాత్రం మాకు ఎంత ఆలోచించినా అర్థం కాని విషయం. ఆ మనిషికి మోటారు కుర్చీ అవసరమని ఒకసారి తేలాక బ్యాటరీ అవసరమా కాదా అని మళ్లీ డాక్టరు రాయాలా? సాధారణంగా 12 వోల్టుల బ్యాటరీలు రెండు కలిసి 24 వోల్టులు ఇస్తాయి. ఒకటి బలహీనపడ్డా రెండూ కలిపే మార్చాలి. పాతదానితో జతపడితే కొత్తదీ త్వరగా పోతుంది. మంజూరు ఒకదానికే ఇచ్చిన ఫైళ్లూ ఉన్నాయి. ఆ అనుమతి కోసం ఎదురుచూసే రోజుల్లో మనిషి మంచానికి అతుక్కుని ఉంటాడు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం 2022లో మోటారు వీల్‌చైర్ల మరమ్మతు హక్కుపై చట్టం చేసి, విడిభాగాలు, సాధనాలు, మరమ్మతు సమాచారం యజమానికి, బయటి మెకానిక్కులకు ఇవ్వాలని తయారీదారులను ఆదేశించింది. మరమ్మతులకు ముందస్తు అనుమతి అక్కర్లేదని అదే ఏడాది అక్కడి పేదల బీమా పథకంలోనూ సవరణ తెచ్చింది. మరమ్మతులో మోసం జరగదని కాదు. పాత భాగాన్ని వెనక్కి ఇవ్వాలని, కుర్చీ సీరియల్ నంబరు బిల్లు మీద రాయాలని షరతు పెడితే ఆ భయం చాలావరకు తీరుతుంది.

ఇక చేయాల్సిన పనుల గురించి. కొత్తగా నమోదైన సరఫరా సంస్థకు, యజమాని మారిన పాత సంస్థకు మొదటి ఆరు నెలలు బిల్లు వచ్చిన వెంటనే చెల్లించకూడదు. వస్తువు అందిందని రోగి చెప్పాక చెల్లించాలి. పూచీకత్తు బాండు బిల్లుల మొత్తాన్ని బట్టి పెరగాలి. మెడికేర్ 2009 నుంచి అడుగుతున్నది ఒక్కో శాఖకు 50,000 డాలర్లు. కోట్లలో బిల్లులు వేసి మాయమయ్యే ముఠాకు అది లెక్కలోనిది కాదు, ఇద్దరు ముగ్గురితో నడిచే చిన్న దుకాణానికి మాత్రం భారం. ఒక సంస్థ బిల్లులు గత మూడు నెలల సగటు కంటే రెట్టింపైతే ఆ అదనపు భాగం చెల్లింపు ఆగి, మనిషి చూశాకే కదలాలి. ఆపడానికి కూడా గడువుండాలి. నిజాయితీ గల సంస్థకు డబ్బు నెలల తరబడి ఆగితే అది కొత్త రోగులను తీసుకోవడం మానేస్తుంది, అంటే ఆ దెబ్బ మళ్లీ రోగికే. 30 రోజుల్లో తేల్చలేకపోతే కనీసం అద్దె పరికరాల సొమ్మయినా వదలాలి.

వస్తువు అందిందని నిర్ధారించుకోవడానికి ఫోనుకు సంకేత సంఖ్య పంపే పద్ధతి చాలామంది సూచిస్తారు. మంచిదే, కానీ ఇది తేలిగ్గా చెడిపోతుంది. రోగి నంబరు అన్న గడిలో సరఫరాదారు తన నంబరే రాసుకుంటే సంకేతం ఆయనకే వెళుతుంది. నంబరు సరఫరాదారు ఇచ్చింది కాకుండా బీమా నమోదులో ఉన్నదై ఉండాలి. మారిస్తే ఆ మార్పును పాత నంబరుకు తెలియజేయాలి. ఒకే నంబరు పదిమంది రోగులకు కనబడితే హెచ్చరిక రావాలి, వృద్ధాశ్రమాలను మినహాయించి. ఫోను లేనివాళ్లు, మాట రానివాళ్లు, మంచంలో ఉన్నవాళ్లు ఉంటారు. వాళ్ల తరఫున చూసుకునే ఒకరి పేరు ముందే నమోదు చేయాలి. వేలిముద్ర ఒక్కటే మార్గమని పట్టుబట్టకూడదు. వయసుతో వేలి గీతలు అరిగిపోతాయి. పరికరం ఎక్కువగా అవసరమయ్యేదీ ఆ వయసులోనే.

తిరస్కరణ లేఖల భాష మారాలి. 'అవసరం రుజువు కాలేదు' అన్న మాటను మూడో రీడింగు లేని ఫైలుకూ వాడుతున్నారు, అసలు రోగమే లేని ఫైలుకూ వాడుతున్నారు. లోపం ఏమిటో పేజీ, గడి పేరుతో రాయాలి. లోపాలన్నీ ఒకేసారి చెప్పాలి. ఈసారి తేదీ లేదని, తర్వాత కోడ్ తప్పని, ఆ తర్వాత సంతకం స్పష్టంగా లేదని విడతలవారీగా ఫైలు తిప్పడం అధికారమున్న ఏ కార్యాలయమూ చేయకూడని పని. ఫారాలు తగ్గించడం అసాధ్యమేమీ కాదు. ఆక్సిజన్‌కు మెడికేర్ ఏళ్ల తరబడి అడిగిన ప్రత్యేక ధ్రువపత్రాన్ని 2023 జనవరి 1 నుంచి రద్దు చేశారు. డాక్టరు రాసిన వైద్య రికార్డే ఆధారమన్నారు. అయితే ఆ రికార్డు పనికొచ్చేలా ఉండాలి. 'నడవలేడు, వీల్‌చైర్ కావాలి' అని రాస్తే చాలదు. మంచం నుంచి బాత్రూమ్‌కు ఎన్ని అడుగులు, ఎక్కడ ఆగాల్సి వస్తోంది, కర్రతో వాకరుతో ఎందుకు కుదరడం లేదు, చేతుల బలం ఎంత - ఈ నాలుగూ రాస్తే తర్వాతి పదిహేను ఉత్తరాలు తప్పుతాయి. డాక్టర్లు దీనికి సమయం లేదంటారు. నిజమే, కానీ ఆ పదిహేను ఉత్తరాలకూ సమయం వాళ్లే ఇవ్వాల్సి వస్తుంది.

రోగుల కుటుంబాలకు రెండు మూడు సూచనలు. ఉచితంగా పట్టీ, మెషీన్, స్ట్రిప్పులు పంపుతామని ఎవరు ఫోను చేసినా బీమా నంబరు చెప్పకండి. ఆర్డరు చేయని పార్సిల్ వస్తే తీసుకోకండి. తీసుకుంటే ఆ బిల్లు మీ పేరు మీద పడి, రేపు మీకు నిజంగా అదే వస్తువు కావాల్సి వచ్చినప్పుడు 'ఇప్పటికే ఇచ్చాం' అన్న జవాబు రావచ్చు. మోసం వల్ల రోగికి జరిగే అతి పెద్ద నష్టాల్లో ఇది ఒకటి, దీన్ని ఎవరూ లెక్కించరు. వస్తువు దించినప్పుడు రసీదులో సీరియల్ నంబరు, పరిమాణం, తేదీ ఉన్నాయో లేదో చూసి సంతకం పెట్టండి, ఖాళీ రసీదు మీద పెట్టకండి. మెషీన్ వెనక్కి ఇచ్చిన రోజు కూడా రసీదు అడిగి తీసుకోండి. అద్దె ఆగిందనడానికి మీ దగ్గర ఉండే రుజువు అదొక్కటే.

బీమా సంస్థలు రోగికి పంపే ఖర్చుల పట్టిక మోసాన్ని పట్టే సాధనాల్లో అతి చవకైనది. క్యాథెటర్ల వ్యవహారంలో తాము ఎన్నడూ అడగని వస్తువుకు తమ పేరుతో బిల్లు పడిందని మొదట గమనించినవాళ్లలో రోగులూ ఉన్నారు. కానీ చాలా పట్టికల్లో వస్తువు పేరు బదులు కోడ్ ఉంటుంది, అక్షరాలు చీమల్లా ఉంటాయి. 'ఈ నెలలో మీ పేరుతో 200 క్యాథెటర్లకు డబ్బు కట్టాం. ఇవి మీకు అందాయా? అందకపోతే ఈ నంబరుకు చెప్పండి' అని రోగి భాషలో, పెద్ద అక్షరాల్లో రెండు వాక్యాలు రాయడానికి కొత్త చట్టమేమీ అవసరం లేదు.

మీ పత్రికకూ ఒక విన్నపం. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి ఇచ్చిన నివేదిక ప్రకారం 250 కోట్లకు పైగా జనానికి ఏదో ఒక సహాయక పరికరం అవసరం. వారిలో దాదాపు వంద కోట్లమందికి అది అందడం లేదు. మోసం వార్త రాసినప్పుడు పోయిన సొమ్ము అంకె పక్కనే మూడు సంగతులు కూడా అడిగి రాయండి: ఆ సొమ్ములో వస్తువు అసలు పంపనిది ఎంత, కాగితం తక్కువైనందుకు లెక్కలోకి వచ్చింది ఎంత, అదే ఏడాది తిరస్కరించిన దరఖాస్తుల్లో అప్పీలు చేశాక మంజూరైనవి ఎన్ని. మూడో అంకెను సాధారణంగా ఎవరూ తమంతట తాము ప్రకటించరు, అడిగి తీసుకోవాల్సిందే.

భవదీయులు,
ఇంటి వద్ద వాడే వైద్య పరికరాల అమరిక, మరమ్మతు, బిల్లుల తనిఖీ రంగాల్లో పనిచేస్తున్న కొందరు